తేలేదంతా నిజం కాదు

అమీన్‌పూర్‌లో ఒక మిత్రుడు ఇంట్లోనే బీరు కాస్తాడు. లైసెన్సు లేకుండా కాయడం నేరం, అది వేరే గొడవ. నా గొడవ అతని అంకెతో. "ఆల్కహాల్ 5.25 శాతం, పక్కా" అంటాడు, రెండు దశాంశాలతో సహా.

"హైడ్రోమీటర్‌ని ఎప్పుడైనా చెక్ చేశావా?" అన్నాను.

"కొత్తదే కదన్నా."

కొత్తదైతే సరైనదా? గాజు గొట్టం లోపలున్న కాగితం స్కేలు ఒక గీత జారినా బయటికి కనపడదు. డిస్టిల్డ్ వాటర్‌లో, 20 డిగ్రీల దగ్గర, 1.000 చూపించాలి. అంతటితో అయిపోదు. 90 గ్రాముల నీళ్ళలో 10 గ్రాముల చక్కెర కరిగిస్తే 1.040 రావాలి. ఒక చోట సరిపోయిన స్కేలు ఇంకో చోట తప్పొచ్చు.

స్కేలు అంతటా ఒకే దూరం జారితే మొదటి రీడింగు, చివరి రీడింగుల తేడాలో ఆ తప్పు కొట్టుకుపోతుంది. వేడి వల్ల వచ్చే తప్పు అలా పోదు. ఇతను మొదటి రీడింగు తీసింది 35 డిగ్రీల దగ్గర, చివరిది 20 దగ్గర. ఆ వేడికే మొదటి రీడింగు దాదాపు నాలుగు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. తేడాని 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది కాబట్టి, అర శాతం గల్లంతు. అతని 5.25 నిజానికి 5.8కి దగ్గర. రిఫ్రాక్టోమీటర్ కొంటానన్నాడు. పులిసిన ద్రవంలో ఆల్కహాల్ కాంతిని వేరేగా వంచుతుంది, సవరణ చేయకపోతే అదీ అబద్ధమే చెబుతుంది.

"అర శాతానికి ఇంత రాద్ధాంతమా? మాదేమన్నా కల్లు కంపౌండా? సైంటిఫిక్ అన్నా!"

నాకు మండింది ఇక్కడే.

2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ మత్తు మందులు. ఆల్ప్రజోలం మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాము. ఆ మోతాదుకి సాంద్రత కదలదు. నీ హైడ్రోమీటర్‌ని ఆ సీసాలో ముంచితే హాయిగా తేలుతుంది, అంకె కూడా చూపిస్తుంది. అది సాంద్రత కొలిచే పరికరం. విషం సంగతి దాన్ని ఎవరూ అడగలేదు.

పైగా ఆ మందు ఈత చెట్టులోంచి కారలేదు. ఏదో రియాక్టర్‌లోంచి వచ్చింది. దొంగచాటుగా ఆల్ప్రజోలం తయారుచేస్తూ పట్టుబడ్డ కేసులు మన సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. అయినా "అనాగరికం" అనే మాట గీత కార్మికుడికే తగులుతుంది. గాజు గొట్టం పట్టుకున్నవాడు సైంటిస్టు.

ఈ పారిశ్రామిక వాడకి ఇది కొత్త పాఠం కాదు. 2007లో యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు తీసుకునే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని అందులో తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. నీళ్ళకి మామూలుగా చేసే బీఓడీ, సీఓడీ పరీక్షలు ఎంత జాగ్రత్తగా చేసినా యాంటీబయాటిక్ పేరు చెప్పవు. వేరే ప్రశ్నతో ఎవరో వస్తే తప్ప ఆ జవాబు బయటపడలేదు.

అందుకే అర శాతం గురించి కొట్లాడతాను. తన పరికరాన్ని తాను అనుమానించలేనివాడు, అది కొలవని వాటి గురించి ఎప్పటికీ ఆలోచించడు. చక్కెర నీళ్ళ పరీక్షకి పది నిమిషాలు చాలు. అది చెయ్యని వాడికి రెండు దశాంశాలు పలికే హక్కు లేదు. కల్లు తాగేవాళ్ళని చూసి నవ్వే హక్కు అసలే లేదు.

మిత్రుడు నిన్న ఫోన్ చేశాడు. చక్కెర నీళ్ళలో 1.036 వచ్చిందట. "ఇప్పుడేం చెయ్యాలన్నా?" అన్నాడు.

సీసా మీద 5.25 కొట్టెయ్యి తమ్ముడూ. "సుమారు" అని రాయి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.