పవ్వళింపు లేని నారాయణులు

వైద్యుణ్ణి సాక్షాత్తు నారాయణ స్వరూపంగా భావించమని పెద్దలు చెప్పారు. భావన పవిత్రమైనదే. అయితే లోకం దానిని సగమే పాటిస్తున్నది. ఆలయంలోని నారాయణునికి రాత్రి ఏకాంతసేవ జరుగుతుంది. పాలు నివేదించి, మూర్తిని ఊయల మంచంపై శయనింపజేసి, తలుపులు మూస్తారు. బయట ఎందరు భక్తులు వేచి ఉన్నా సుప్రభాతం వరకు ఆ తలుపులు తెరుచుకోవు. జగద్రక్షకునికి నిద్ర ఎందుకని ఎవరూ అడగరు. ఆసుపత్రిలోని నారాయణునికి మాత్రం ఆ మర్యాద లేదు. ముప్పై గంటలు నిలువుకాళ్ళపై పనిచేసిన జూనియర్ డాక్టరు గానీ, వరుసగా రాత్రి డ్యూటీలు చేసిన నర్సు గానీ విశ్రాంతి అడిగితే, సేవాభావం కొరవడిందన్న నింద సిద్ధంగా ఉంటుంది.

ఇలా అణగారిపోయే స్థితికి వైద్యలోకం బర్నౌట్ అని పేరు పెట్టింది. సత్తువ పూర్తిగా హరించుకుపోవటం, రోగిని మనిషిగా కాక పడక నంబరుగా చూసేటంత మనసు మొద్దుబారటం, తన పనివల్ల ప్రయోజనమే లేదన్న నిస్పృహ కలగటం దీని లక్షణాలు. వీటిలో రెండవది మరీ భయంకరం. వైద్యవృత్తికి చరకాచార్యులు చెప్పిన నాలుగు విధాలలో ఆర్తులపట్ల మైత్రి, కారుణ్యం ముందున్నాయి. మరణాసన్నుని విషయంలో వహించవలసిన ఉపేక్ష చివర ఉన్నది. మొద్దుబారిన మనసు పైకి ఆ ఉపేక్షలాగే కనిపిస్తుంది. కాని వివేకంతో వచ్చే సమత్వం వేరు, అలసటతో వచ్చే జడత్వం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగవర్గీకరణ బర్నౌట్‌ను వ్యాధిగా లెక్కించలేదు. పనిచేసే చోట అదుపు చేయని దీర్ఘకాలిక ఒత్తిడికి ఫలితమన్నది. అంటే దోషాన్ని ముందుగా వెతకవలసింది వ్యక్తి మనోబలంలో కాదు, అతడు పనిచేసే చోట.

ఇక్కడే ధార్మికుల సదుపదేశం ఒకటి దారి తప్పుతున్నది. అలసిన సిబ్బందిని కూర్చోబెట్టి ధ్యానం నేర్పుతారు, నిష్కామకర్మపై ప్రవచనం వినిపిస్తారు. మర్నాడు అదే డ్యూటీ చార్టు గోడమీద వేలాడుతూ ఉంటుంది. ధ్యానం మహత్తరమైనది, సందేహం లేదు. కాని అతిగా నిద్రించేవానికీ, బొత్తిగా నిద్ర లేనివానికీ కూడా యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయంలో భగవానుడే స్పష్టం చేశాడు. నిద్ర ఇవ్వకుండా ధ్యానం ఇవ్వటం గీతను గీతతోనే కాదనటం. పైగా నిష్కామకర్మ అన్నది పనిచేసేవాడు తనకు తాను చెప్పుకోవలసిన మాట. పని చేయించుకునే యజమాని నోట ఆ మాట శోభించదు.

అలసినవారిపట్ల నాయకుని ధర్మం తెలియాలంటే భారత యుద్ధంలో పదునాలుగవ దినాన్ని స్మరించాలి. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుని వధించకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు శపథం పట్టిన రోజు అది. పొద్దు వాలుతున్నది, సైంధవుడు ఇంకా దూరంలోనే ఉన్నాడు. ప్రతి ఘడియా ప్రాణంతో సమానమైన ఆ వేళ, గుర్రాలు గాయాలతో, దప్పికతో డస్సిపోయాయి. ఆ సంగతి ఎత్తింది అర్జునుడే; తన మతమూ అదేనన్నాడు కృష్ణుడు. శత్రుసేన నడుమ రథం ఆగింది. అర్జునుడు నేలపై నిలిచి వైరులను అడ్డుకున్నాడు. బాణంతో భూమిని చీల్చి జలాశయం కల్పించాడు, శరాలతోనే గృహం అమర్చాడు. జగన్నాథుడు కాడి విప్పి, స్వహస్తాలతో ములుకులు తీసి, ఒళ్ళు రుద్ది, నీరు త్రాగించి, అవి సేదదీరిన తరువాతనే మళ్ళీ రథానికి పూన్చాడు. గుర్రాలకు ఆయన కర్మయోగం బోధించలేదు.

ఆనాటి యుద్ధం అస్తమయంతో ఆగక రాత్రిలోకి సాగింది. నిద్రమత్తులో తనవారెవరో పరులెవరో తెలియక సైనికులు ఒకరినొకరు పొడుచుకునే స్థితి వచ్చింది. అప్పుడు చంద్రోదయం వరకు రణరంగంలోనే నిద్రించమని అర్జునుడు ప్రకటించాడు. కౌరవ సైన్యం కూడా అతనిని దీవించి నిద్రించింది. తెల్లవారుజామున రెప్పలు వాలిపోతుండగా మందు మోతాదు లెక్కకట్టే వైద్యునికి ఈ ఘట్టాన్ని వ్యాఖ్యానించి చెప్పనక్కరలేదు.

ఇటువంటి నాయకత్వం పదవితోపాటు దానంతట అదే రాదు. ఆసుపత్రులలో విభాగాధిపతి స్థానం సాధారణంగా చికిత్సానైపుణ్యానికో, ఉద్యోగ జ్యేష్ఠతకో దక్కుతుంది. క్రింది వారి మాట వినటం, గుర్తించటం, విషయం దాచక చెప్పటం ఆయనకు ఎవరూ నేర్పరు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 2,813 మంది వైద్యులు పై అధికారి గురించి ఇచ్చిన అభిప్రాయాలను విశ్లేషించి 2015లో ఫలితాలు ప్రకటించారు. గౌరవంగా చూస్తారా, సలహా చెప్పనిస్తారా, బాగా చేసిన పనిని గుర్తిస్తారా అన్నవే ప్రశ్నలు. అధికారికి వచ్చిన మార్కులలో ఒక్కొక్కటి పెరిగిన కొద్దీ, ఆయన క్రింద పనిచేసేవారిలో బర్నౌట్ అవకాశం 3.3 శాతం తగ్గినట్లు కనిపించింది. శ్రౌతయాగంలో బ్రహ్మస్థానం వహించే ఋత్విక్కు మౌనంగా క్రతువంతా గమనిస్తాడు. ఎవరి మంత్రంలోనో, క్రియలోనో లోపం జరిగితే అతడిని పదిమందిలో దూషించడు. ప్రాయశ్చిత్తం తాను చేస్తాడు. ఇది తెలిసిన విభాగాధిపతులు లేకపోలేదు. వారి వార్డులలో గాలే వేరుగా ఉంటుంది.

నాయకునితోపాటు సఖుడు కూడా కావాలి. గీత మొదటి అధ్యాయంలో కృష్ణుడు పలికింది ఒకే ఒక వాక్యం, కౌరవులను చూడమని. మిగిలినదంతా వినటమే. శరీరం వణుకుతున్నదని, నోరెండిపోతున్నదని, గాండీవం జారిపోతున్నదని మహావీరుడు చెప్పుకుంటుంటే మధ్యలో అడ్డుపడలేదు. రెండవ అధ్యాయం ఆరంభంలో ఒక్కసారి మందలించాడు, నిజమే. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. యుద్ధం చేయనని చెప్పి మౌనం వహించాడు. భగవంతుని గద్దింపుకే లేవనివాడు సూపరింటెండెంటు మెమోకు లేస్తాడా?

మేయో క్లినిక్‌లోనే 74 మంది వైద్యులతో మరొక ప్రయోగం జరిగి, 2014లో ఫలితం వెలువడింది. వారిలో సగం మందిని చిన్న చిన్న బృందాలుగా, పక్షానికి ఒక గంట, తొమ్మిది నెలలపాటు కూర్చోబెట్టి పరస్పరం అనుభవాలు చెప్పుకోనిచ్చారు. రోగులపట్ల మొద్దుబారటం వారిలో తగ్గింది. ఏడాది తరువాత కూడా ఆ మేలు నిలిచింది. ఒత్తిడిలో, కుంగుబాటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కనుక సఖ్యం సర్వరోగ నివారిణి అనరాదు. ఆ గంటను వేతనంతో కూడిన పనివేళలోనే ఇచ్చారన్న సంగతి ప్రధానం. డ్యూటీ ముగిశాక, ఇంటికి పోయే బస్సు వదులుకొని పంచుకోమంటే, అది మరో డ్యూటీ అవుతుంది.

సిబ్బంది చాలనప్పుడు ఇవన్నీ ఎలా అన్న ఆక్షేపణ సహేతుకమే. నియామకాలకు బదులుగా సఖ్యబృందాలు పెట్టటం వంచన. రెసిడెంటు డాక్టర్ల నిరంతర విధి సాధారణంగా 12 గంటలు మించరాదని 1992 నాటి కేంద్ర ఆదేశంలోనే ఉన్నది. జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో పీజీ విద్యార్థులకు వారానికి 74 గంటలకు మించకుండా పని, ఒక రోజు సెలవు ఉండాలని సిఫారసు చేసింది. నిజానికి 74 గంటలే ఎక్కువ. అదైనా అమలైతే కొంత ఊపిరి.

దేవస్థానాలు, మఠాలు, భక్తసమాజాలు నడిపే ఆసుపత్రులు ఈ దేశంలో అనేకం ఉన్నాయి. వాటికి విరాళమిచ్చే ఆస్తికులు సాధారణంగా పడకలు ఎన్ని, యంత్రాలు ఎన్ని అని అడుగుతారు, గోడమీద పేరు చెక్కించుకుంటారు. రాత్రి డ్యూటీ నర్సు నడుం వాల్చటానికి తలుపు గడియ పడే గది ఉన్నదా, రోగి చేతుల్లో మరణించిన రోజు ఆ వైద్యునితో ఎవరు మాట్లాడతారు, విభాగాధిపతికి మనుషులను నడిపించటంలో శిక్షణ ఇచ్చారా అన్న ప్రశ్నలు కూడా ఆ దాతలు ధర్మకర్తల మండలిని అడగవచ్చు. ఒక మంచం, ఒక గడియ, పక్షానికి ఒక గంట: వీటికయ్యే ఖర్చు గోపురానికి ఒక్కసారి రంగులు వేసే ఖర్చుకన్నా ఎక్కువేమీ కాదు.