ఆటలో తగవు

వేసవి సెలవులలో పిల్లలు పదిమంది చేరిన ఇంట మధ్యాహ్నపు వేళ ఏమి జరుగునో సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. భోజనములై పెద్దలు నడుము వాల్చిన అరగంటకు వసారాలోనుండి కేకలు బయలుదేరును. "నేను ముట్టలేదు!" "ముట్టినావు, నేను చూచినాను!" "అత్తా, నీవు చెప్పు!" ఆ పిలుపుతో గృహిణి న్యాయాధిపతి యగును. వకీళ్లు లేరు, చట్టపు పుస్తకములు లేవు. అప్పీలు మాత్రము కలదు, అది తాతగారి యొద్దకు. ఈ పని మేము ఏండ్ల తరబడి చేయుచున్నాము. బాగుగనే చేయుచున్నామని తలంచుచుంటిమి. క్రిందటి వేసవిలో ఆ నమ్మకము కొంత సడలినది. ఈ నెల ఆ సంగతియే వ్రాయుచున్నాము.

మా అన్నగారి కుమారునకు పదునాలుగేండ్లు. తమ్ముని కుమార్తెకు పదేండ్లు. ఇద్దఱును చదరంగమునకు కూర్చుండిరి. పిల్లవాడు తోటి బాలురు ఆడుచుండగా చూచి నేర్చినవాడు. బాలిక బడిలో మాస్టరుగారి యొద్ద పాఠముగా నేర్చుకొన్నది. ఆట నడుమ పిల్లవాడు తన బంటును మొదటి గడినుండి ఒక్కసారిగా రెండు గడులు జరిపి ఆమె బంటు ప్రక్కన నిలిపెను. బాలిక తన బంటును, వాని బంటు దాటివచ్చిన ఖాళీ గడిలోనికి ఏటవాలుగా జరిపి, ప్రక్కనున్న బంటును తీసివేసెను. ఇంక చెప్పవలెనా! వాడు బల్ల అదరునట్లు లేచెను. తాతగారు పడకకుర్చీలోనుండియే, "ప్రక్కనున్న బంటును చంపుటయా? నా యాయుస్సులో వినలేదు" అనిరి. మాకును ఆ యెత్తు తెలియదు. పెద్దలమాట, పెద్దవాని కేక, రెండును ఒకవైపే యుండెను. "ఆ కాయ మరల పెట్టు తల్లీ" అంటిమి. ఆమె మాఱు పలుకక పెట్టినది. మఱి పది యెత్తులలో ఓడినది.

రాత్రి మఱదలు వచ్చి, "వదినగారూ, మాస్టరుగారు నేర్పినది అదేనట. మీతో చెప్పుటకు భయపడినది" అని మెల్లగా ననినది. మఱునాడు ఆ బడి మాస్టరుగారి యొద్దనుండి నిబంధనల పుస్తకము తెప్పించి చూచితిమి. తప్పు మాదే. బంటు తొలియెత్తున రెండు గడులు దాటి ఎదిరి బంటు ప్రక్కన నిలిచినచో, అది ఒక్క గడియే జరిగినదన్నట్లుగా దానిని పట్టవచ్చును; అయితే ఆ వెంటనే వచ్చు ఎత్తులోనే పట్టవలెను, తరువాత హక్కు పోవును. ఆట త్వరగా సాగుటకై ఐరోపాలో బంటునకు రెండు గడుల తొలినడక యిచ్చిరి. ఆ వరమును అడ్డుపెట్టుకొని శత్రువు కాపలా తప్పించుకొని పోకుండుటకే ఈ కట్టుబాటు.

తాతగారిని మాత్రము మేము తప్పుపట్టము. మన దేశపు పాత చదరంగమున బంటునకు రెండు గడుల నడకయే లేదు. కోట కట్టుటయు లేదు. దానికి బదులుగా రాజు, రాజుపై దాడి జరుగకముందు, ఒక్కసారి గుఱ్ఱమువలె దూకవచ్చును. ఆ ధర్మములతో పెరిగినవారు లోకమునకు తీసిపోలేదు. పంజాబునకు చెందిన సుల్తాన్ ఖాన్ మొదట మన దేశపు ఆటయే నేర్చి, పిమ్మట పాశ్చాత్యుల నిబంధనలు నేర్చుకొని, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేత యయ్యెను. ఆ 1933లోనే హేస్టింగ్సు పట్టణమున, అతడున్న సర్ ఉమర్ హయాత్ ఖాన్ గారి పరివారమునకే చెందిన ఫాతిమా యను యువతి బ్రిటిషు స్త్రీల పోటీలో ప్రథమురాలయ్యెను. కనుక రెండు ధర్మములును ధర్మములే. ఒకే బల్లపై రెండింటిని కలిపి, ఏది యెవరికి అనుకూలమో దానిని వారు లాగుకొనుటలోనే తగవు పుట్టినది. ఆట మొదలు పెట్టకముందే "ఏ పద్ధతి?" అని యడుగవలసినవారము మేము. అడుగలేదు.

పిల్లలందఱిని పిలిచి, తాతగారి యెదుటనే పుస్తకము తెఱచి చూపి, నిన్నటి తీర్పు తప్పని చెప్పితిమి. బాలిక కొంత సేపాగి, "అయితే నేను ఓడినట్లేనా, అత్తా?" అని యడిగినది. ఆ ప్రశ్నకు మేము సిద్ధముగా లేము. ముగిసిన ఆటను మరల తెఱచిన, రేపు ప్రతి ఓటమియు తెఱువవలసి వచ్చునని తలంచి, "ఓడినట్లేనమ్మా. తప్పు నీది కాదు, నాది" అంటిమి. ఆమె తల యూచినది గాని, ఆ వారమంతయు బల్లవైపు రాలేదు. తీర్పరి తప్పునకు వెల తీర్పరి చెల్లింపడు; మాటాడని బిడ్డ చెల్లించును. ఇది మమ్ము నేటికిని బాధించుచున్నది.

ఇట్టిది మా వసారాలోనే కాదు, లోకప్రసిద్ధమైన పోటీలోనే జరిగినది. 1994లో స్పెయిను దేశపు లినారెస్ పట్టణమున, హంగెరీ దేశస్థురాలు, పదునేడేండ్ల జూడిత్ పోల్గార్, విశ్వవిజేతయైన కాస్పరోవుతో ఆడుచుండెను. ఆయన గుఱ్ఱమును ఒక గడిలో పెట్టి, వ్రేళ్లు వదలి, అది చెడ్డ యెత్తని తోచి, తిరిగి యెత్తి వేఱొకచోట పెట్టెను. కాయను గడిలో వదలిన పిమ్మట ఎత్తు మార్చరాదనునది నిబంధన. ఆమె తీర్పరివైపు చూచినది, ఆయన పలుకలేదు. ఆమెయు నోరు విప్పలేదు, ఆట ఓడినది. పిమ్మట చిత్రములను పరిశీలింపగా, వ్రేళ్లు ఒక సెకండులో నాలుగవవంతు కాలము కాయను విడిచియున్నట్లు తేలినది. ఎందుకు ఫిర్యాదు చేయలేదన, అంత గొప్ప పోటీకి అదియే తనకు తొలి ఆహ్వానమనియు, రభస చేయ నిష్టపడలేదనియు, ఫిర్యాదు నిలువకపోయిన తన గడియారమున మిగిలిన కొద్ది కాలమునుండి శిక్షగా తగ్గింతురని భయపడితిననియు ఆమె చెప్పెను. 2002లో మాస్కోలో ఒక వేగపు ఆటలో ఆమె కాస్పరోవును ఓడించెను. సంతోషమే. అయినను లినారెస్ ఫలితము మాఱలేదు.

ఇట్టి ఫిర్యాదు, ఎత్తు తప్పిన వెంటనే, తాను కాయను ముట్టకముందే చేయవలెనని నిబంధనలలో నున్నది. పెద్దవారి పోటీలకు అది తగును. ఇంట పదేండ్ల పిల్లకు, ఎదుట అన్నయు వెనుక తాతగారును ఉండగా, ఆ గడువు ఏపాటి? అందుచేత ఇప్పుడు మేము తగవు వినునపుడు, కేకలు వేయనివారినే మొదట అడుగుదుము. "నీవు ఏమి నేర్చుకొన్నావు? ఎవరు చెప్పినారు?" అని. ఇది పక్షపాతమని మా అన్నగారి అబ్బాయి యనును. కేకవేయువాని వాదము ఎట్లును మా చెవినిబడును గదా!

ఆట నడుమ సందేహ మడుగువారితో మఱియొక చిక్కు. "అత్తా, గుఱ్ఱము ఇక్కడికి పోవునా?" అని యడిగిన, పోవును, పోదు అనుటతో ఊరకుండవలెను. "పోవును గాని వెనుక శకటు పొంచియున్నది సుమా" అన్నచో, ఇంక ఆడునది మేమే. చెప్పినది ఇద్దఱకును వినబడునట్లు చెప్పవలెను; ఒకరి చెవిలో చెప్పిన నిబంధన ఉపకారమగును. కాయ వంకరగానున్న సర్దదలచువాడు "సర్దుచున్నాను" అని ముందే యనవలెను. అనక ముట్టిన, ఆ కాయతో ఆడవలసినదే. దీనిలో మేము కనికరము చూపము. మా అత్తగారికిని చూపలేదు; ఆమె రెండు దినములు ముభావముగ నుండిరి.

తెలియని సంగతి వచ్చినపుడు ఏమి చేయవలెను? అంతర్జాతీయ చదరంగ సమాఖ్యవారు తమ నిబంధనల ఆరంభముననే, ఏ నిబంధనలును అన్ని సందర్భములకు చాలవనియు, మితిమీఱిన వివరణ తీర్పరి వివేకమును కట్టివేయుననియు ఒప్పుకొనియున్నారు. మాకది ధైర్యము. ఇప్పుడు తెలియనిచో తెలియదనియే చెప్పి, కాయలున్న స్థితిని కాగితముపై గీయించి, బల్లను కదపక, పుస్తకము చూచువఱకు ఆట నాపుదుము. నాలుగు గంటల పలహారము ఈ విరామమునకు మిక్కిలి యుపకరించును.

పులిజూదములో పుస్తకమే లేదు. మూడు పులులు, పదునైదు మేకలు. అన్ని మేకలును దింపకముందు ఒక మేకను కదపవచ్చునా, పులి ఒక్క వంతులో రెండు మేకలపై దూకవచ్చునా యనుటలో ఇంటికొక మాట. మేము ఆరంభముననే ఇద్దఱిచేతను చెప్పించి, గడపమీద సుద్దతో వ్రాయుదుము. ఆట నడుమ దానిని మార్చము, ఇద్దఱును ఒప్పుకొన్నను మార్చము. ఒప్పుకొనుటలో ఒకరు అలసిపోయి యుండవచ్చును.

బాలిక ఈ వేసవిలో మరల వచ్చినది. మొన్న తాతగారును మనుమడును చదరంగమునకు కూర్చుండగా, ఆమె నడుమ చతికిలబడి, "ముందు చెప్పండి తాతయ్యా, మీ పద్ధతా, మా పద్ధతా?" అని యడిగినది. తాతగారు చాలసేపు ఆలోచించి, రాజు గుఱ్ఱపు దూకు విడిచిపెట్టలేమనిరి. సరే, పాత పద్ధతియే నని వ్రాసుకొన్నది. పిల్లవాడు అలవాటుచొప్పున బంటును రెండు గడులు జరిపెను. "ఒక్కటే, అన్నయ్యా" అని ఆమె చేయి చాపినది. వాడు మావైపు చూచెను. మేము బియ్యములో రాళ్లు ఏరుకొనుచుంటిమి.