ఉద్యోగం ఖాళీ ఉన్న సంగతి మనకెవరు చెబుతారు?

డిగ్రీ, బీటెక్ పరీక్షలు అయిపోయాక హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో బ్యాగు భుజాన వేసుకుని దిగే మన పిల్లలకు ముందే తెలిసిన చిరునామాలు చాలా తక్కువ. సర్కారు కొలువు అనుకుంటే అశోక్‌నగర్ గదులు, చిక్కడపల్లి లైబ్రరీ. సాఫ్ట్‌వేర్ అనుకుంటే అమీర్‌పేట మైత్రీవనం. చదువు మధ్యలో ఆగినవాళ్లకు పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డా. అక్కడికి చేరాక ఎవరైనా చెప్పే మాట ఒకటే: "రెజ్యూమె మంచిగ పెట్టు, నెట్‌ల వెతుకు, అప్లై చేస్తనే ఉండు." మేమూ ఆ సలహా విన్నాం, ఆ తర్వాత జూనియర్లకు అదే చెప్పాం. ఆ సలహాలో తప్పేమీ లేదు. కానీ ఈ నగరంలో ఖాళీ ఉన్న సంగతి ఎవరి నుంచి ఎవరికి చేరుతుందో అది చెప్పదు.

ప్రైవేటు కంపెనీల్లో చాలా ఖాళీలు బయటికి రాకముందే లోపలి ఉద్యోగుల చెవిన పడతాయి. తెలిసినవాళ్లను పట్టుకొస్తే కంపెనీ బోనస్ కూడా ఇస్తుంది. దాని పేరు రెఫరల్. ఇందులో కులం ఎక్కడుంది అని అమాయకంగా అడిగేవాళ్లుంటారు. రెఫర్ చేసేవాడికి తెలిసినవాళ్లు ఎవరు? బావమరిది, మేనమామ కొడుకు, ఊళ్లో తమ బజారువాడు, హాస్టల్‌లో పక్క గది సీనియర్. పెళ్లి కులం లోపలే జరిగే సమాజంలో బంధువుల జాబితా అంటే కులం జాబితానే. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. ఇంచుమించు అదే కాలంలో భాగ్యరెడ్డి వర్మ ఇదే నగరంలో ఆది హిందూ పిల్లలకు బడులు పెడుతున్నారు. మనం అక్షరం కోసం తలుపు తడుతున్న రోజుల్లోనే, ఇతరులు నగరంలో తమ పిల్లలు దిగడానికి ఒక ఇల్లు కట్టుకున్నారు. కట్టుకోవడం తప్పని అనడం లేదు. ఆ వందేళ్ల తేడాను ఈరోజు మెరిట్ అని పిలవడమే మా అభ్యంతరం.

తెలిసినవాళ్లు లేకుండా నేరుగా దరఖాస్తు పెడితే ఏమవుతుందో సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ పరీక్షించి చూశారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రమే మార్చారు. 2007లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం అగ్రవర్ణ పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని ఒకటి అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీలో కంపెనీల నియామక అధికారులతో మాట్లాడారు. కులం చూడం అని ఖరాఖండిగా చెప్పినవాళ్లే, అభ్యర్థి 'కుటుంబ నేపథ్యం' ముఖ్యమని కూడా చెప్పారు.

మన దగ్గర చాలామంది పేర్ల చివర కులం ఉండదు, ఇంటిపేరు ఒక్క అక్షరంలో దాక్కుని ఉంటుంది. అందుకే ఆ అక్షరాన్ని విప్పించడం ఇక్కడ ఒక కళ. "ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు? నాన్నగారు ఏం చేస్తారు?" ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నగా ఇవి మనకు కొత్త కాదు. అద్దె గది కోసం వెళ్లినా ఇవే ప్రశ్నలు, ఇదే వరుసలో. గది దొరక్క ఇంటర్వ్యూకు రోజూ ఊరి నుంచి వచ్చిపోయినవాళ్లు మాలో ఉన్నారు.

ఎవరికీ బంధువు కాని ఒక దారి ఒకప్పుడు ఉండేది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో, 1945లో, యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం దానికి పునాది పడింది. 1959లో వచ్చిన చట్టం ప్రభుత్వ సంస్థలతో పాటు 25 మంది, అంతకుమించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయాలంది. తెలియజేయడమే. అక్కడి నుంచి తీసుకోవాలన్న బాధ్యత లేదని అదే చట్టంలో రాసుకున్నారు. తెలియజేయకపోతే జరిమానా మొదటిసారి 500 రూపాయల దాకా, ఆ తర్వాత 1,000 దాకా. 1996లో, కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజీ పంపిన పేర్లకే పరిమితం కాకుండా పత్రికల్లోనూ ప్రకటించి అందరినీ పరిశీలించాలని చెప్పింది. కార్డు లేనివాళ్లకు అది న్యాయమే. ఆ తర్వాత మాత్రం ఎక్స్ఛేంజీ వైపు చూసే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. 2020 సామాజిక భద్రతా కోడ్ దాన్ని 'కెరీర్ సెంటర్' అని కొత్త పేరుతో పిలుస్తోంది. నియమించుకునే బాధ్యత ఇప్పుడూ లేదు.

కేంద్రం 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ తెచ్చింది. తెలంగాణకు డీట్ అనే యాప్ ఉంది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఉచిత శిక్షణ ఇచ్చే కేంద్ర కార్మిక శాఖ సెంటర్ హైదరాబాద్‌లో ఉంది, రాష్ట్రానికి ఎస్సీ స్టడీ సర్కిల్ ఉంది. వీటన్నిటిలో పేరు నమోదు చేసుకోండి, ఉచితమే కదా. కానీ కంపెనీ తన అసలు ఖాళీని అక్కడ పెట్టేలా గట్టి ఒత్తిడి లేనంతకాలం ఆ తెర మీద కనిపించేది ఎక్కువగా మిగిలిన ఉద్యోగాలే. రాజ్యాంగం 16(4) అధికరణ ప్రభుత్వ నియామకాల దగ్గరే ఆగుతుంది. స్థానికులకు 75 శాతం ప్రైవేటు ఉద్యోగాలంటూ 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేయగలిగింది. ప్రైవేటు రంగాన్ని ముట్టుకోలేం అనే వాదన కులం మాట వచ్చినప్పుడే ఎందుకు గుర్తొస్తుందో నాయకులను అడగాలి.

ప్రభుత్వ దారి సంగతి అశోక్‌నగర్‌లో అద్దె కట్టినవాళ్లకు తెలుసు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగింది, ప్రశ్నపత్రం లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిగింది, హైకోర్టు తీర్పుతో మళ్లీ రద్దయింది. రద్దయిన ప్రతిసారీ ఇంకో ఏడాది గది అద్దె, మెస్ బిల్లు. రెండేళ్లు చూసి పెళ్లి చేస్తాం అని ఇంట్లో గడువు పెట్టిన ఆడపిల్లకు ఆ రెండేళ్లు పరీక్ష రద్దుల్లోనే కరిగిపోయాయి.

ఈ ఖాళీలోకే బ్యాక్‌డోర్ బ్రోకర్లు వస్తారు. లక్షో రెండు లక్షలో కట్టించుకుని నకిలీ ఆఫర్ లెటర్ చేతిలో పెడతారు. పొలం కుదువపెట్టి తెచ్చిన డబ్బు అది. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు, అడిగితే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సిందే. ఇక మన వైపు పని: ప్రతి కాలేజీలో, గురుకులాల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన మన అన్నలు, అక్కల జాబితా విద్యార్థి సంఘం దగ్గర ఉండాలి. ఎవరు ఏ కంపెనీలో, ఏ శాఖలో ఉన్నారో రాసి పెట్టుకోవాలి. జయంతికి చందా అడగడానికి ఫోన్ చేసే మనం, ఖాళీలేమైనా ఉన్నాయా అని అడగడానికి ఎందుకు మొహమాటపడాలి?

ఆఫర్ వచ్చాక కూడా ఒక గండం మిగిలే ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేస్తున్నాయి. జాయినింగ్ రోజు మెమోలు చూపలేక ఉద్యోగం వదులుకున్నవాళ్లున్నారు. ప్రభుత్వం కట్టాల్సిన బాకీకి పిల్లాడి కాగితాలు తాకట్టు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రతి జతచేసి ప్రిన్సిపాల్‌కు, జిల్లా ఎస్సీ సంక్షేమ అధికారికి ఒకే రోజు దరఖాస్తు ఇవ్వండి, ముద్ర వేయించుకున్న రశీదు దగ్గర పెట్టుకోండి. ఒక్కరు వెళ్తే రేపు రమ్మంటారు. పదిమంది కలిసి వెళ్లండి.