దీవికి తిరిగి వచ్చిన గద్ద

పిల్లలూ! "కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు" అన్న సామెత మీరు వినే ఉంటారు. గుదియ అంటే దుడ్డుకర్ర. కుమ్మరి ఏడాదిపాటు చేసిన కుండలు పగలడానికి దానితో ఒక్క దెబ్బ చాలు. ఈ నెల ఒక గద్ద సంగతి చెబుతాను. సామెత అర్థం దానివల్ల మీకే బోధపడుతుంది.

బ్రిటన్ ఉత్తరభాగమైన స్కాట్లండులో, సముద్రపు ఒడ్డున తెల్లతోక గద్దలు ఉండేవి. రెక్కలు చాచితే ఆ కొసనుంచి ఈ కొసకు దాదాపు ఎనిమిది అడుగులు! చేపలు, నీటిపక్షులు వాటి ఆహారం. గొర్రెపిల్లలను కూడా ఎత్తుకుపోతున్నాయని మనుషులు వాటిని కాల్చారు, విషం పెట్టారు. గుడ్లు పోగుచేసే సరదా గలవారు గూళ్ళు దోచారు. చివరకు 1918లో షెట్లండ్ దీవులలో మిగిలిన ఒక్క గద్దనూ కాల్చివేశారు. అంతటితో బ్రిటన్‌లో వాటి కథ ముగిసింది.

అయితే సముద్రానికి ఆవల, నార్వే దేశంలో ఆ గద్దలు ఇంకా ఉన్నాయి. 1975లో శాస్త్రజ్ఞులు అక్కడి గూళ్ళనుంచి పిల్లలను తీసి, విమానంలో తెచ్చి, స్కాట్లండుకు చెందిన రమ్ దీవిలో పెంచసాగారు. పెద్ద పక్షులనే తేకూడదా అంటారేమో. పెద్దవాటికి తమ చోటు అలవాటై ఉంటుంది. పిల్ల గద్దకైతే మొదట ఎగిరిన తావే సొంతవూరు.

1985 వరకు ఇలా 82 పిల్లలను తెచ్చారు. కాని ఈ గద్దకు గూడు కట్టే వయస్సు రావాలంటే సుమారు అయిదేళ్ళు పడుతుంది. మొదట పెట్టిన గుడ్లు పిల్లలు కాలేదు. అయినా వారు విసుగు చెందలేదు. 1985లో మల్ అనే దీవిలో ఒక పిల్ల గూడు విడిచి ఎగిరింది! సుమారు 70 ఏళ్ళ తరువాత బ్రిటన్‌లో పుట్టి ఎగిరిన మొదటి తెల్లతోక గద్ద అదే. ఆపైన మరి రెండు విడతలుగా పిల్లలను తెచ్చారు. నేడు స్కాట్లండులో నూటికి పైగా జంటలు ఉన్నాయి.

గొర్రెపిల్లలు పోతున్నాయని కాపరులు కొందరు ఇప్పటికీ బాధపడుతున్నారు. అది తోసివేయదగిన మాట కాదు. మందను కాపాడుకొనేందుకు వారికి ప్రభుత్వసాయం అందుతోంది. గద్దను తేవడం సగం పనే. మనిషి, గద్ద ఒకచోట బ్రతకడం మిగతా సగం.

చూచారా? తుపాకి గుండుకు ఒక్క క్షణం. తిరిగి తేవడానికి ఎన్నేళ్ళు! మన ఊళ్ళలో ఒకప్పుడు కనిపించిన రాబందులను గురించి మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడగండి. ఉన్నప్పుడే కాపాడుకోవడం ఎంత తేలికో తెలుస్తుంది.