బూట్లు దులిపిన చెయ్యి టోపీ పెట్టుకోలేదు

1980వ దశకం చివరలో ఉత్తర ఇంగ్లండులోని ఒక ఆసుపత్రిలో నేను కొన్నాళ్లు పనిచేశాను. అప్పుడు మా వార్డులో సిస్టరుగా ఉన్నావిడ, ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన ఆమె భర్త, ఇద్దరూ నాకు చిరకాల మిత్రులయ్యారు. పదవీ విరమణ తరువాత వారు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి, బ్రిస్బేన్ నగరానికి ఉత్తరాన ఉన్న సన్‌షైన్ కోస్ట్‌కు తరలివెళ్లారు. ప్రయాణానికి ముందు ఆవిడ నాకు ఫోను చేసి, "డాక్టర్, మీరు పాముల దేశం నుంచి వచ్చినవారు కదా, మాకేమైనా సలహా చెప్పండి" అని అడిగారు. నేను పాముల గురించే చెప్పాను. ఎండ గురించి ఒక్క మాటైనా చెప్పలేదు.

రెండేళ్ల తరువాత ఆ వైపు వెళ్లినప్పుడు వారి ఇంట్లో నాలుగు రోజులు గడిపాను. ప్రతి ఉదయం ఆయన వరండాలోని బూట్లను తలకిందులు చేసి, లోపల సాలెపురుగు ఉన్నదేమోనని దులిపిన తరువాతే తొడుక్కునేవారు. ఆ తరువాత చొక్కా విప్పేసి, టోపీ లేకుండా, నడిమధ్యాహ్నం ఎండలో గడ్డి కోసేవారు. ఆయన కుడి భుజం వెనుక ఒక నల్లని మచ్చ కనిపించింది. ఒక అంచు వంకరగా ఉన్నది, రంగు ఒకచోట గోధుమ, మరొకచోట నలుపు. చూశాను. అతిథిగా వచ్చిన విశ్రాంత వైద్యుడు గృహస్థుని ఒంటిని పరీక్షించడం మర్యాద కాదనుకుని ఊరుకున్నాను. నాలుగు నెలల తరువాత ఆవిడ ఫోను చేశారు. అది మెలనోమా. అప్పటికే చంకలోని గ్రంథులకు పాకింది.

ఈ వ్యాసానికి కారణం ఆ మౌనమే. బ్రిటన్ నుంచి ఆగ్నేయ క్వీన్స్‌లాండ్‌కు వెళ్లేవారు భయపడవలసిన వాటికి భయపడడం లేదు, భయపడనక్కరలేని వాటికి భయపడుతున్నారు. వారికి సలహా చెప్పే మనం కూడా ఆ పొరపాటునే పెంచుతున్నాము. ఇది నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా భూగోళం సంగతి చూడండి. లండన్ ఉత్తర అక్షాంశం 51 డిగ్రీలు దాటి ఉంటుంది. బ్రిస్బేన్ దక్షిణ అక్షాంశం 27 డిగ్రీల దగ్గర ఉన్నది. మన జైపూర్, లక్నో నగరాలు భూమధ్యరేఖకు ఉత్తరాన ఎంత దూరమో, బ్రిస్బేన్ దక్షిణాన ఇంచుమించు అంత దూరం. పైగా భూమి సూర్యునికి అత్యంత సమీపంగా వచ్చేది జనవరి మొదట్లో, అంటే ఆస్ట్రేలియాకు నడివేసవిలో. చర్మాన్ని దెబ్బతీసే అతినీలలోహిత కిరణాల తీవ్రతను యు.వి. సూచికతో కొలుస్తారు. సూచిక 3 లేక అంతకు మించితే చర్మానికి రక్షణ అవసరం. లండన్‌లో నడివేసవి మధ్యాహ్నం అది 7, 8 దాకా వెళ్లవచ్చు. బ్రిస్బేన్ వేసవిలో 11 దాటడం సాధారణం. చలికాలపు మధ్యాహ్నం కూడా 3 దాటుతుంది.

ఇక్కడే బ్రిటిష్ అనుభవం మోసం చేస్తుంది. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. బ్రిస్బేన్ జూలై మాసపు మధ్యాహ్నం ఇరవై డిగ్రీల పైచిలుకు వేడిమితో, నీలాకాశంతో, ఇంగ్లండులో దొరికిన ఒక మంచి వేసవి రోజులా అనిపిస్తుంది. సముద్రపు గాలి చల్లగా తగులుతుంటే ఒళ్లు కాలుతున్న సంగతి సాయంత్రం దాకా తెలియదు. మబ్బు పట్టిన రోజున కూడా కిరణాలు చాలావరకు కిందికి దిగుతాయి.

వారిని తప్పుపట్టడం తేలిక. కాని ఎండ కరవైన దేశంలో పుట్టినవారికి ఎండే ఔషధం. ఆస్ట్రేలియా మాజీ ప్రధానమంత్రి జూలియా గిలార్డ్ వేల్స్‌లోని బారీ పట్టణంలో పుట్టారు. చిన్ననాట ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతుంటే, వెచ్చని దేశానికి తీసుకువెళ్లమని వైద్యులు సూచించారు. ఆ కుటుంబం 1966లో అడిలైడ్‌కు వలస వెళ్లింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పది పౌండ్ల ఓడ టిక్కెట్టుతో వెళ్లిన పది లక్షలకు పైగా బ్రిటిష్ వారిలో అనేకులు ఎండను కూడా కోరుకునే వెళ్లారు. అయితే తెల్లని చర్మానికి, ఆ ఎండకు పొత్తు కుదరలేదు. డెబ్బయి ఏళ్లు వచ్చేలోగా ఆస్ట్రేలియన్లలో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ కనబడుతుందని అక్కడి ఆరోగ్య సంస్థలు అంచనా వేస్తున్నాయి.

ఆ దేశం ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకున్నది. 1981లో 'స్లిప్, స్లొప్, స్లాప్' అనే ప్రచారం మొదలయింది. చొక్కా తొడుక్కో, లేపనం పూసుకో, టోపీ పెట్టుకో అని దాని భావం. నీడ పట్టున ఉండడం, నల్ల కళ్లద్దాలు తరువాత చేరాయి. చర్మాన్ని కృత్రిమంగా నల్లబరిచే సన్‌బెడ్ వ్యాపారాన్ని క్వీన్స్‌లాండ్ 2014 చివరితో నిషేధించింది. బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్లు నిండినవారికి అది ఈనాటికీ అందుబాటులోనే ఉన్నది.

లేపనాలు నిజంగా పనిచేస్తాయా అని సందేహించేవారికి సమాధానం కూడా సన్‌షైన్ కోస్ట్‌లోనే ఉన్నది. అక్కడి నాంబూర్ పట్టణంలో 1992లో ప్రొఫెసర్ అడెల్ గ్రీన్ నాయకత్వంలో 1,621 మందితో ఒక అధ్యయనం మొదలయింది. కొందరు ప్రతిదినం తప్పక లేపనం పూసుకున్నారు, మిగిలినవారు తమ ఇష్టానుసారం నడుచుకున్నారు. నాలుగున్నర సంవత్సరాల తరువాత ప్రతిదినం పూసుకున్నవారిలో పొలుసు కణాల క్యాన్సర్లు సుమారు నలభై శాతం తక్కువగా కనిపించాయి. మరి పదేళ్లు గమనించాక వారిలో 11 మందికి, రెండవ వర్గంలో 22 మందికి మెలనోమా వచ్చినట్లు తేలింది. అంటే సగం. నా మిత్రుని ఇంటికి ఆ పట్టణం కారులో అరగంట ప్రయాణం.

కనుక అక్కడికి వెళ్లేవారు చేయవలసినది ఇది. పళ్లు తోముకున్నట్లే ప్రతి ఉదయం ముఖానికి, మెడకు, చెవులకు, చేతులకు ఎస్.పి.ఎఫ్. 50 లేపనం పూసుకోవాలి. బయటికి వెళ్లడానికి ఇరవై నిమిషాల ముందు పూసుకుని, బయట ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి మళ్లీ పూసుకోవాలి. ఒక్కొక్క చేతికి, ఒక్కొక్క కాలికి ఒక చెంచాడు అవసరం. పలుచగా అద్దుకుంటే ప్రయోజనం ఉండదు. చెవులను, మెడను కప్పని క్రికెట్ టోపీకి బదులు చుట్టూ వెడల్పు అంచు ఉన్న టోపీ వాడాలి. వేసవిలో బ్రిస్బేన్‌లో ఉదయం అయిదు గంటలకు ముందే తెల్లవారుతుంది. నడక, తోటపని ఆ వేళకు మార్చుకోవాలి.

మచ్చల విషయంలో అయిదు సంగతులు గుర్తుంచుకోండి. రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండడం, రంగులు కలగాపులగంగా ఉండడం, ఆరు మిల్లీమీటర్లకు మించడం, అన్నిటికంటె ముఖ్యంగా రోజులు గడిచేకొద్దీ మారడం. గట్టిగా, బొడిపెలా పైకి లేచి త్వరగా పెరిగే మచ్చ చిన్నదైనా వెంటనే చూపించుకోవాలి. వీపును మనం చూసుకోలేము. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోవాలి, ఒంటరివారు వైద్యుని చేత చూపించుకోవాలి.

తరువాతి ప్రమాదం నీరు. గోల్డ్ కోస్ట్, సన్‌షైన్ కోస్ట్ తీరాలలో ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగుకుపోయే ప్రవాహాలు ఉంటాయి. మన విశాఖ తీరంలో ఇటువంటి ప్రవాహాల సంగతి ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అల విరగకుండా నున్నగా, ముదురు రంగులో కనిపించే నీరు సురక్షితమని కొత్తవారు భ్రమిస్తారు. తరచుగా ప్రవాహం ఉండేది అక్కడే. ఎరుపు పసుపు జెండాల నడుమ మాత్రమే ఈదాలి. చిక్కుకుంటే ప్రవాహానికి ఎదురీదకుండా తేలుతూ, చేయి పైకెత్తి సహాయం కోరాలి. ఇంట్లో ఈతకొలను ఉంటే చుట్టూ కంచె చట్టప్రకారం తప్పనిసరి. ఆ కంచె గేటుకు కుర్చీ అడ్డం పెట్టి తెరచి ఉంచకండి. పసిబిడ్డ మునిగేటప్పుడు చప్పుడు కాదు.

ఇప్పుడు పాములు, సాలెపురుగులు. అవి లేవని నేను అనను. ఈస్టర్న్ బ్రౌన్ పాము అత్యంత విషపూరితం. అయినా ఆస్ట్రేలియా మొత్తం మీద పాముకాటు మరణాలు సగటున ఏడాదికి రెండు మూడుకు మించవు. ఫనెల్ వెబ్ సాలెపురుగుకు 1981లో విరుగుడు మందు వచ్చింది. పాము కరిస్తే గాయాన్ని కడగవద్దు, కోయవద్దు. వెడల్పాటి సాగే కట్టును ఆ కాలు లేక చెయ్యి అంతటికీ గట్టిగా చుట్టి, కదలకుండా బద్ద కట్టి, 000కు ఫోను చేయాలి. చేతివేళ్లు బ్రిటన్‌లోని 999ను నొక్కకుండా ఈ సంఖ్యను ముందే వల్లించుకోవాలి. ఎర్రవీపు సాలెపురుగు కుడితే కట్టు వద్దు, మంచుగడ్డ చాలు. జెల్లీచేపలా కనిపించే నీలి రంగు బ్లూబాటిల్ కుడితే, కాలనంత వేడినీటిలో ఇరవై నిమిషాలు ఉంచాలి.

చిన్న శత్రువును మరువకూడదు. అక్కడి దోమలు రాస్ రివర్ జ్వరాన్ని తెస్తాయి. కీళ్లనొప్పులు వారాలు, ఒక్కొక్కసారి నెలల తరబడి వేధిస్తాయి. చికున్‌గున్యా అనుభవించిన మన ప్రాంతాల వారికి ఆ బాధ తెలుసు. దానికి టీకా లేదు. సాయంవేళ పొడుగు చేతుల దుస్తులు, డీట్ గల దోమల మందు, పూలకుండీల కింద నీరు నిలవనీయకపోవడం, ఇవే రక్షణ. కిందపడిన గబ్బిలాన్ని జాలిపడి చేతితో తీయవద్దు. రేబిస్‌కు దగ్గరి బంధువైన వైరస్ వలన క్వీన్స్‌లాండ్‌లో 1996, 1998, 2013లలో ముగ్గురు మరణించారు. గీరుకున్నా, కరిచినా వెంటనే కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

వయసు మీరినవారికి మరికొన్ని మాటలు. రక్తపోటుకు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా మూత్రం జారీచేసేవి, ఉక్క వేసవిలో ఒంటిలోని నీటిని తగ్గించి కళ్లు తిరిగేలా చేస్తాయి. వాటిలో కొన్ని చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తాయి. సొంతంగా మానవద్దు, మోతాదు గురించి అక్కడి వైద్యుని అడగండి. బ్రిటన్‌లోలా ప్రతి వైద్య సందర్శనా ఉచితం కాదు. మెడికేర్ కొంత భరిస్తుంది, మిగిలినది చాలాచోట్ల మీరు చెల్లించాలి. క్వీన్స్‌లాండ్ నివాసులకు అంబులెన్సు మాత్రం ఉచితం. ఇంకొకటి, ఆస్ట్రేలియాలో ఉన్నంతకాలం బ్రిటిష్ ప్రభుత్వ పింఛను ఏటా పెరగదు. వైద్య ఖర్చుల లెక్కను ఆ నిజంతో వేసుకోవాలి.

"ఎండ కోసమే వచ్చాము, దాక్కుని బ్రతకమంటారా?" అని నా మిత్రుడు ఒకసారి అన్నారు. ఎముకలకు డి విటమిను కావాలన్న మాట కూడా నిజమే. కాని ఆ ఎండలో తెల్లని చర్మానికి అవసరమైన విటమిను కొద్ది నిమిషాలలోనే, సాధారణమైన రోజువారీ పనులలోనే దొరుకుతుంది. నేను దాక్కోమనడం లేదు. వేళను ఎంచుకోమంటున్నాను, టోపీ పెట్టుకోమంటున్నాను.

మీలో కొందరి పిల్లలు బ్రిటన్‌లో చదువుకుని, అక్కడి పౌరులై, ఇప్పుడు బ్రిస్బేన్‌కు మారుతున్నారు. మన చర్మానికి ఈ ముప్పు చాలా తక్కువ, కాని లేకపోలేదు. నల్లని చర్మంలో మెలనోమా తరచుగా అరికాలులో, అరచేతిలో, గోరు కింద పుడుతుంది. ఎవరూ అనుమానించరు కనుక ఆలస్యంగా బయటపడుతుంది. కంటిలో కండ పెరగడం, శుక్లాలు రావడం చర్మపు రంగును చూడవు. నల్ల కళ్లద్దాలు అందరికీ అవసరమే.

నా మిత్రునికి శస్త్రచికిత్స జరిగింది, రోగనిరోధక శక్తిని పెంచే మందులు ఎక్కించారు. ఆయన జీవించి ఉన్నారు. ప్రతి మూడు నెలలకు స్కానింగుకు వెళ్లే ముందు రాత్రి ఆవిడకు నిద్ర పట్టదు. నేను చూసిన రోజునే చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆవిడకు ఆ సంగతి చెప్పి క్షమాపణ కోరాను. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నేనూ నర్సునే, ప్రతిరోజూ ఆ వీపును చూసినదాన్ని నేనే" అన్నారు.

అందువలన పాఠకులారా, ఒకరి వీపు మీద మారుతున్న మచ్చ మీకు కనబడితే మర్యాదను పక్కన పెట్టండి. అది ఏమీ కాకపోతే ఒక క్షణం నవ్వులపాలవుతారు, అంతే. చెప్పకపోతే ఏమవుతుందో నేను చూశాను.