పైరుకు పరిశోధనాలయము, ప్రాణమునకు పందిరి

పొగాకు మొక్కకు తెగులు సోకినచో దాని కారణము నన్వేషించుటకు రాజమహేంద్రవరమున 1947లోనే కేంద్ర పరిశోధనాలయము వెలసినది. ఆ పంట అమ్మకమును చక్కబెట్టుటకు 1975 సంవత్సరపు చట్టము ననుసరించి గుంటూరున పొగాకు బోర్డు నెలకొన్నది. శాస్త్రజ్ఞులకు జీతములు, ప్రయోగములకు పొలములు, ఏటేట పద్దులు సమకూడినవి. మంచిదే, రైతు బాగును మేము కోరనివారము కాము. కాని ఆ ఆకునే నమలి, చుట్టగా కాల్చి, నోట రాచపుండు తెచ్చుకొన్న కూలివానిని గూర్చి పల్నాట నిలిచి అయిదేండ్లు పరిశోధింపుమని ఒక యువవైద్యునికి జీతమిచ్చుట ఎవరికిని తోచకున్నది. పైరుకు పరిశోధనాలయము, ప్రాణమునకు ఒకనాటి పందిరి! ఇదియా మన ధర్మము?

వైద్యశిబిరములు నడుపువారి సదుద్దేశమును మేము శంకింపము. కాని జరుగుచున్నదేమి? ఉదయమున పందిరి వేయుదురు. నాయకుడు రిబ్బను కత్తిరించును. ఛాయాచిత్రములు పత్రికల కెక్కును. సాయంకాలమునకు పందిరి విప్పుదురు. పరీక్షలో అనుమానము తేలిన స్త్రీ పెద్దాసుపత్రికి పోయెనా, పోయినచో చికిత్స ముగిసెనా, పోకున్న ఏల పోలేదు, అని విచారించు నాథుడు లేడు. ముప్పదియేండ్లు దాటినవారికెల్ల నోటిని, రొమ్మును, గర్భాశయ ముఖద్వారమును పరీక్షింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2016లోనే మార్గదర్శకములు వెలువరించినది. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినదేమి? 30 మొదలు 49 ఏండ్ల వయస్సుగల భారత స్త్రీలలో గర్భాశయ ముఖద్వార కాన్సరునకై ఒక్కసారియైనను పరీక్ష పొందినవారు నూటికి 1.9, నోటి కాన్సరునకై 0.9. ఉత్తరువు ఢిల్లీలో పుట్టినది; బొల్లాపల్లి తండాకు త్రోవ యెరుగక నిలిచిపోయినది.

"కాన్సరు కారణములు తెలిసినవే కదా, పొగాకు మానుడు, పరీక్ష చేయించుకొనుడు అని చాటించిన చాలును, ఇంక పరిశోధనమేల?" అని కొందరు పెద్దలు వాదింతురు. మందు తెలియుట వేరు, మందు గొంతు దిగుట వేరు. మిరపకోతల దినములలో తెల్లవారకమునుపే పొలమునకు పోవు కూలిస్త్రీని ఆశా కార్యకర్త ఏ వేళ కలిసికొనవలెను? రొమ్మున గడ్డ కనబడినను ఇంట చెప్పుకొనలేని కోడలు ఎవరితో చెప్పుకొనును? సుగాలి తండాలలో వారి భాషలోనే మాటాడినచో ఎక్కువమంది వత్తురా? పిడుగురాళ్ల సున్నపుబట్టీల కార్మికునికి బట్టీయొద్దనే నోటిపరీక్ష చేయుట సాధ్యమా? వీనికి సమాధానములు లండను పుస్తకములలో లేవు. మాచర్లలో, గురజాలలో, నరసరావుపేటలో ఇల్లిల్లు తిరిగి, లెక్కవ్రాసి, ఒక పద్ధతిని మరియొక పద్ధతితో పోల్చి కనుగొనవలసినవి.

ఇది అసాధ్యమనువారు మహారాష్ట్రమువైపు చూతురు గాక. బార్శీలో 1987లో దేశమున మొదటి గ్రామీణ కాన్సరు నమోదు పట్టిక ఏర్పడినది. ఆ పునాదిమీదనే ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో 1,31,000 మందికి పైబడిన స్త్రీలతో జరిగిన పరిశోధన 2009లో వెల్లడియైనది: హెచ్.పి.వి. పరీక్ష ఒక్కసారి జరిపి, అవసరమైనవారికి చికిత్స చేసినచోట గర్భాశయ ముఖద్వార కాన్సరు మరణములు సుమారు సగము తగ్గెను. బొంబాయి మురికివాడలలో సుమారు 1,50,000 మంది స్త్రీలతో టాటా స్మారక ఆసుపత్రివారు జరిపిన పరిశోధన 2014లో ప్రకటితమైనది. అచట పరీక్షించినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. సాధనము పలుచని ఎసిటిక్ ఆమ్లము. మరణములు నూటికి 31 వంతున తగ్గెను. మంత్రములకు చింతకాయలు రాలవు. ఏండ్ల తరబడి చేసిన చాకిరికి ఇవి ఫలములు.

పరిశోధన మన చేతిలో లేనప్పుడు ఏమి జరుగునో తెలుగుదేశము చూచియున్నది. 2009లో ఖమ్మము జిల్లాలో ఒక విదేశీయ సంస్థ ప్రభుత్వ సహకారముతో సుమారు 14,000 మంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేయించెను. పెక్కు అంగీకార పత్రములపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహముల వార్డెనులు సంతకములు చేసిరి. 2010లో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. 2013లో పార్లమెంటు సంఘము దానిని తీవ్రముగ ఖండించెను. టీకా చెడ్డదని మేమనుట లేదు. అది కాన్సరును నివారించునని నేడు లోకమంగీకరించినది. అంగీకారము లేని మేలు మేలుగా నిలువదనియే మా వాదము. గ్రామభాష యెరిగి, గ్రామముననే నిలిచి, తల్లికి జవాబుదారియైన పరిశోధకుడుండిన ఆ అపచారము జరిగెడిది కాదు.

అట్టి యువకులు మనలో లేరా? భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావును స్మరింపుడు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన నేరమునకు పూర్తి పట్టమునకు బదులు తక్కువ పట్టము పుచ్చుకొనిన ధీరుడు. మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఆసరాతోను అమెరికాకు పోయెను. అచట ఆయన బృందము రూపొందించిన మందులతోనే 1947-48లో బోస్టనున రక్తకాన్సరు పీడితులైన బిడ్డలకు తొలిసారి ఉపశమనము కలిగెను. ఆనాటి వర్తకుని ధర్మము ఒక యువకుని ఆదుకొన్నది. నేటి మన మిర్చి, పత్తి వర్తకుల ధర్మము కల్యాణమండపములతోడనే ఆగవలెనా?

నేటి యువపరిశోధకుని గతి యేమి? ఒప్పందపు కొలువు, పథకము ముగిసిననాడు జీతమును ముగియును. ఊరివారికి నమ్మకము కుదురునప్పటికి వాడు హైదరాబాదుకో విదేశమునకో ప్రయాణము కట్టవలెను. దేశాదాయమున పరిశోధనకు నూటికి ఒక రూపాయియైనను వెచ్చింపని ప్రభుత్వమునకు మేధావుల వలసనుగూర్చి విలపించు హక్కు లేదు. 2023 చట్టముచే ఏర్పడిన జాతీయ పరిశోధన నిధికి అయిదేండ్లలో 50,000 కోట్లు సమకూర్తుమని పాలకులు ప్రకటించిరి. అందు పల్లెల కాన్సరు నివారణకు పాలెంత?

మేము కోరునది కొండంత కాదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల అను మూడు రెవిన్యూ డివిజనులు కలవు. డివిజనుకొక యువపరిశోధకుడు, వైద్యుడు కానిండు, నర్సు కానిండు, గణాంకశాస్త్రము చదివిన యువతి కానిండు. అయిదేండ్లు తెగని జీతము, ఇద్దరు సహాయకులు, మార్గము చూపుటకు ఒక అనుభవజ్ఞుడు. ధనమున సగము ప్రభుత్వమీయవలెను. తక్కిన సగము మార్కెట్టు కమిటీలు, పురపాలక సంఘములు, వర్తక ధర్మసంస్థలు పూరింపవలెను. ఏటేట లెక్కలను, ఫలితములను, ఓడిన ప్రయత్నములతో సహా, తెలుగున అచ్చొత్తించి గ్రామసభలో చదువవలెను.

మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినాడని గర్వించు మనము జ్ఞానమును మాత్రము ఎవరి విస్తరిలో వారు దాచుకొనరాదు. పఠనమందిరములలో ఈ పుటను చదువు సోదరులారా! ఈ నెలలోనే మీమీ సంఘములలో తీర్మానము గావించి పురపాలక సంఘమునకును, శాసనసభ్యునికిని పంపుడు. ఓట్లకు వచ్చువానిని "ఎన్ని పందిళ్లు వేసితివి?" అని అడుగకుడు, "ఎందరు పరిశోధకులకు అయిదేండ్ల జీతము సమకూర్చితివి?" అని నిలదీయుడు.