తిట్టు మందు కాదు



మా నాయనకి టీబీ వచ్చినప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఆరు నెలల మందు. ఆ ఆరు నెలల్లో గవర్నమెంటు ఆసుపత్రికి ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు గారు తలెత్తకుండా అడిగే మాట ఒకటే. "ఇంకా తాగుతున్నావా చుట్ట?" నాయన చేతులు కట్టుకుని "లేదయ్యా" అనేవాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. "మీరు చెప్తే వినే జాతా?" అంటూ చీటీ రాసి పంపేసేవాడు. గేటు దాటగానే నాయన వేపచెట్టు కింద కూచుని చుట్ట ముట్టించేవాడు.

ఆ "జాతా" అన్న మాట దగ్గరే నేను చాలా ఏళ్ళు ఆగిపోయాను. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేధిస్తోంది. ఆరు నెలల్లో ఒక్కరైనా "మానాలనుందా? ఎలా మానాలో చెప్తా, రా" అన్నారా? అనలేదు. టీబీకి మందిచ్చారు, చుట్టకి తిట్టిచ్చారు. టీబీ తగ్గింది, చుట్ట తగ్గలేదు. పొగ తాగేవాళ్ళకి టీబీ తిరగబెట్టే ముప్పు ఎక్కువని మాకెవరూ చెప్పలేదు. తిరగబెట్టింది. నాయన పోయాడు. "తాగి తాగి పోయాడు" అంది ఊరు. నేనా మాట అనను.

ఆయన చుట్ట ఎక్కడ నేర్చాడో చెప్తాను. పొగాకు బ్యారన్ దగ్గర. ఆకు ఎక్కించాక పొయ్యి వారం రోజులు ఆరకూడదు. రాత్రి కాపలా మా నాయనది. నిద్ర ఆపుకోవడానికి తునిగిన ఆకు చుట్టుకుని తాగమని ఆసామే ఇచ్చేవాడు. ఆ ఆకు ఖరీదు కూలీలో కలిసిపోయేది. పగలు మా అమ్మ తడి ఆకు కోసి వచ్చి వాంతులు చేసుకునేది. ఆకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోతుందని నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో గానీ తెలీలేదు. మురుగు కాలవలోకి దిగేవాణ్ణి అడగండి, కాటికాపరిని అడగండి. వాసన మరిచిపోవడానికి బీడీ ముట్టిస్తామంటారు. మన వాళ్ళకి పొగ సరదాగా రాలేదు, పనితో పాటు వచ్చింది.

నేను సాహిత్యం చెప్పేవాణ్ణి కాబట్టి ఇదీ చెప్పాలి. 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్ట కాలుస్తాడు, శిష్యుడికీ నేర్పుతాడు. నూరేళ్ళు దాటినా క్లాసులో మనం నవ్వుకుంటూనే ఉన్నాం. గిరీశం చుట్ట చమత్కారం. మా నాయన చుట్ట మాత్రం జాతి లక్షణం.

డాక్టరు తెలిసీ చెప్పనిది ఒకటుంది. పొగ పీల్చిన కొన్ని సెకన్లకే నికోటిన్ మెదడుకి చేరుతుంది. మానితే మొదటి వారం చిరాకు, నిద్ర పట్టదు, చేయి ఆడదు. మూడు నాలుగు వారాలకి తగ్గుముఖం పడుతుంది. ఆ వారాలు గట్టెక్కించడానికే నికోటిన్ గమ్ములూ ప్యాచ్‌లూ ఉన్నాయి. డాక్టరు రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా చెప్పినా మానేవాళ్ళు పెరుగుతారు. మందు కూడా ఇస్తే ఇంకా పెరుగుతారు. అంటే ఇది వైద్యం. నీతిబోధ కాదు.

కాగితాల్లో అన్నీ ఉన్నాయి. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08లో మొదలైంది. ప్రతి టీబీ రోగినీ పొగాకు గురించి అడిగి, మానడానికి సాయం చేయాలని 2017లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. 2022 అత్యవసర మందుల జాతీయ జాబితాలో నికోటిన్ చికిత్స చేరింది. ముప్పై దాటినవాళ్ళ ఇళ్ళకి ఆశా అక్క తెచ్చే ఫారంలో పొగాకు ప్రశ్న ఉంది. రోజూ వాడితే 2 మార్కులు.

పోయిన నెల మా చిన్నాయనకి తోడుగా ఆసుపత్రికి వెళ్ళాను. మార్కులు పడ్డాయి. తిట్టు కాస్త మెత్తబడింది. గమ్ము అడిగితే "బయట కొనుక్కోండి" అన్నారు. పది గమ్ముల ధరకి మూడు నాలుగు బీడీ కట్టలొస్తాయి. కూలివాడు ఏది కొంటాడు? పెట్టె మీద 1800-11-2356 నంబరు వేశాం, ఫోన్ చేసుకోండి అంటుంది ప్రభుత్వం. ఇంట్లో చుట్టుకునే చుట్టకి పెట్టె ఎక్కడిది? విడిగా ఒక్క సిగరెట్టు కొనేవాడికి ఏ నంబరు కనబడుతుంది? పొగాకు అమ్ముడుపోవడానికి 1976 నుంచి గుంటూరులో ఒక బోర్డు ఉంది. మానదలచినవాడికి ఊరి ఆసుపత్రిలో ఒక కుర్చీ లేదు.

"వీళ్ళు మారరు" అనేవాళ్ళకి శ్రీకాకుళం చూపిస్తాను. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్న నేల అది. అంగిలి కేన్సర్ వాళ్ళ వాటా. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ ప్రాంతాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ళని ఏటా కలిసి, నోరు పరీక్షించి, మానమని చెప్పుకుంటూ పోయారు. ఆ సలహా జనం మానడానికి సాయపడిందని 1986లో లాన్సెట్ పత్రిక అచ్చేసింది. మనిషిగా చూసి, మళ్ళీ మళ్ళీ వచ్చి చెప్తే పల్లె వింటుంది.

మనలోనే కొందరంటారు: "మన కూడు మీద, మన కల్లు మీద పెత్తనం చాలక చుట్ట మీద కూడానా?" ఆ కోపం నాకర్థమవుతుంది. కానీ పెత్తనం తిట్టులో ఉంది. మందులో లేదు. మానాలా వద్దా అన్నది నాయన ఇష్టం. మానాలనుకున్న రోజున చేతికి మందు అందడం ఆయన హక్కు. క్యాంపస్‌లో సిగరెట్టుని తిరుగుబాటు అనుకునే తమ్ముళ్ళకీ ఒక మాట. ఆ కంపెనీకి మీ తిరుగుబాటుతో పేచీ లేదు.

మీ ఊరి ఆసుపత్రికి వెళ్ళండి. నికోటిన్ గమ్ము ఉందా అని అడగండి. లేకపోతే ఎందుకు లేదో రాసిమ్మనండి, ఆర్టీఐ పెట్టండి. టీబీ మందు ఇచ్చే చోటే, అదే రోజు, ఉచితంగా ఇవ్వాలని మెమొరాండం ఇవ్వండి. పారిశుధ్య కార్మికుల యూనియన్లు దీన్ని డిమాండ్ల పత్రంలో చేర్చాలి. సబ్బు, గ్లవుజులు, బూట్ల పక్కనే.

మా చిన్నాయన బీడీ మానాలనుకుంటున్నాడు. వచ్చే సోమవారం మళ్ళీ ఆసుపత్రికి వెళ్తున్నాం. ఈసారి ఆయన చేతులు కట్టుకోడు.

జై భీమ్.